టీవీకి క్షమాపణ చెప్పిన కోడలు

రండి, రండి… ఇంకాస్త ముందుకి జరగండి. గోడకి చేరగిలబడ్డవాళ్ళు కూడా ఇటు వచ్చెయ్యండి, ఈ కథ దూరంగా కూర్చుంటే వినపడదు. ఆ టీవీ కాసేపు కట్టెయ్యండి నాయనా. కట్టేశారా? గోడమీది స్విచ్చి కూడానా? మంచిది… ఎందుకడిగానో చివర్లో మీకే తెలుస్తుంది.

దేవుణ్ణి ఓసారి మనసులో తలుచుకుని వినండి. ఇది నేను కళ్ళారా చూసింది కాదు. ఆ మేడలో కాపురమున్నవాళ్ళు చెబితే విన్నాను. విన్నది విన్నట్టు చెబుతాను.

ఇళ్ళ మీద యాంటెనాలు నిలబడి ఉండే రోజులవి. ఒక వీధి చివర ఒక పాత మేడ. మేడ నిండా కాపురాలు, కప్పు నిండా యాంటెనాలు — ఎండిన చేప ముళ్ళలా, ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ. ఆ యాంటెనాల మధ్యన, కప్పు మీద, ఒకే ఒక్క గది. దానికి తాళం.

ఆ గది పేరెత్తితే చాలు, ఆ మేడలో మాటలు ఆగిపోయేవి.

చీకటి పడ్డాక ఎవరూ పైకెళ్ళేవాళ్ళు కాదు. పొద్దున ఆరేసిన బట్టలు పొద్దు వాలకముందే దించుకోవాలి. మర్చిపోయారా… ఇక అవి అక్కడే. వాన వచ్చి తడిసినా సరే, గాలికి పక్కవీధికి ఎగిరిపోయినా సరే. కింద వాటా దర్జీ ఒకసారి కొత్తగా కుట్టిన పెళ్ళికొడుకు కోటు పైన వదిలేశాడు. రాత్రంతా వాన. పొద్దున్నే దించి, పిండి, ఇస్త్రీ చేసి ఇచ్చాడు. ఆ కోటు పెళ్ళికొడుక్కి కాక అతని తమ్ముడికి సరిపోయింది. అయినా దర్జీ ‘బతికిపోయాను’ అనే అన్నాడు.

ఇంతకీ ఆ గదిలో ఎవరు?

ఒక ముసలావిడ ఉండేది. మేడంతా ఆవిణ్ణి స్విచ్చుల మామ్మ అనేవాళ్ళు. పొద్దు గూకగానే పైనుంచి బయల్దేరేది. మెట్ల మీద లైటు — టక్. వరండాలో లైటు — టక్. ఎవరింట్లోనో మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే, తలుపు తోసుకుని వెళ్ళి — టక్. అన్నం తింటున్నవాళ్ళ నెత్తిన లైటు ఆర్పేసి, ‘నోరు ఎక్కడుందో తెలీదా?’ అన్నదని కూడా చెప్పుకునేవాళ్ళు. మనసు వెన్న. చెయ్యి మాత్రం స్విచ్చి మీద.

ఆవిడ కొడుకు, కోడలు ఆ గది కిందనే, రెండో అంతస్తులో ఉండేవాళ్ళు. కొడుకు లారీల మెకానిక్కు. ఎంత బరువైన లారీ కిందికైనా దూరేవాడు గానీ, తల్లి ముందు నిలబడి మాట్లాడాలంటే గొంతు పెగిలేది కాదు. కాబట్టి అత్తగారితో మాట్లాడటం, పోట్లాడటం, సర్దుకోవటం… అన్నీ కోడలి వంతే.

ఈ కథ ఆ కోడలిది.

ఒక సాయంత్రం కోడలు వంటింట్లో పొయ్యి ముందు నిలబడి ఉంది. అత్తగారు వచ్చింది — టక్. వంటిల్లు చీకటి. వేలు కాలింది. రోజూ మింగే మాట ఆరోజు గడప దాటింది.

“ముందు మీ గదిలో చూసుకోండి అత్తయ్యా! అన్నీ కట్టేసే వచ్చారా?”

ముసలావిడ గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. ఏదో ఆలోచించింది. తర్వాత వెనక్కి తిరిగి గబగబా మెట్లవైపు నడిచింది. మెట్ల మీద… కూలబడిపోయింది.

అందరూ పరుగెత్తుకొచ్చారు. పడుకోబెట్టారు. నోట మాట లేదు. కుడిచెయ్యి మాత్రం మెల్లగా లేచింది. వేలు పైకి చూపించింది. పైకి… ఇంకా పైకి… ఆత్రంగా, మళ్ళీ మళ్ళీ.

“ఆహా! దేవుణ్ణి చూపిస్తోంది మహాతల్లి!” అన్నాడు దర్జీ. అందరూ పైకి చూసి దణ్ణం పెట్టారు. ముసలావిడ తల అడ్డంగా ఊపింది. ‘లోకం మీద విరక్తి’ అన్నారు. ఆ వేలు అలా పైకి ఉండగానే ఆవిడ కళ్ళు మూసింది.

కొడుకు ఆ పూటే గదికి తాళం వేశాడు. లోపలికి తొంగి చూసే ధైర్యం కూడా అతనికి లేకపోయింది. బీరువా లేదు, నగ లేదు, చూడటానికేముంది? తాళంచెవి వంటింట్లో మేకుకి తగిలించాడు. కోడలు ఆ మేకు వైపు తిరగకుండా వంట చేసుకోవటం నేర్చుకుంది.

చలి మొదలైంది.

అప్పుడు… వచ్చింది.

ఒక సాయంత్రం మేడంతా టీవీల ముందు ఉంది. ఉన్నట్టుండి బొమ్మ మీద తెల్లటి గీతలు. అడ్డంగా, పొడుగ్గా, వణుకుతూ. లోపల్నించి ఒక గొంతు — బర్ర్‌ర్… బర్ర్‌ర్‌ర్… ఆగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మళ్ళీ — బర్ర్‌ర్… ఒక్క ఇంట్లో కాదు. అన్ని ఇళ్ళలో. ఒకేసారి.

మర్నాడు పగలంతా బొమ్మ అద్దంలా ఉంది. చీకటి పడింది… బర్ర్‌ర్.

రోజూ అంతే. ఒకరోజు మాత్రం మబ్బు పట్టి, ముసురు కురిసి, పట్టపగలే వచ్చింది. ఆ రోజుతో ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు.

“ఆ గీతలు చూశారా? మామ్మ చీర అంచు అచ్చం ఇలాగే ఉండేది,” అంది కింద వాటా పంతులమ్మ.

“గొంతూ ఆవిడదే,” అన్నాడు దర్జీ. “కోపమొస్తే ఇలాగే బర్రుమనేది.”

ఎన్ని ఉపాయాలు చేశారనుకున్నారు! టీవీని కొట్టారు. బుజ్జగించారు. మామ్మ కూర్చుని చూడాలనుకుంటోందేమో అని టీవీ ముందు కుర్చీ వేసి ఖాళీగా ఉంచారు. దాంతో ఇంట్లోవాళ్ళకి తెర కనపడలేదు. మామ్మకి లైట్లు గిట్టవు కదా అని లైట్లన్నీ ఆర్పేసి చూశారు. పంతులమ్మ మొగుడు చీకట్లో మంచం అనుకుని కూరల బుట్టలో కూర్చున్నాడు. దర్జీ అయితే యాంటెనా వైరు పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, ఎడమచెయ్యి గాల్లోకి ఎత్తితే గీతలు కాస్త తగ్గుతున్నాయని కనిపెట్టాడు. వాళ్ళింట్లో మనుషులు వంతులవారీగా అలా నిలబడేవాళ్ళు. నిలబడ్డవాళ్ళకి టీవీ కనపడదు, అది వేరే సంగతి.

అప్పుడు పంతులమ్మ ఒక మాట అంది.

“ఊరికే ఎందుకు తిరుగుతుందమ్మా పెద్ద ప్రాణం? ఆఖరి పూట కోడలు ఏదో అన్నదట…”

అంతే. మేడంతా కోడలి వైపు తిరిగింది.

“నువ్వొచ్చి ఒక్క మాట చెప్పమ్మాయ్,” అన్నాడు దర్జీ. “తప్పైపోయిందను. టీవీకి చెబితే ఆవిడకి చేరుతుంది.”

కోడలు ఏం చేస్తుంది? వెళ్ళింది. దర్జీ ఇంట్లో, ఇంటిల్లిపాదీ చూస్తుండగా, టీవీ ముందు చేతులు జోడించి నిలబడింది. తెర మీద ఎవరో సబ్బు గురించి చెబుతున్నారు.

“అత్తయ్యా… తప్పైపోయింది.”

బర్ర్‌ర్… టక్కున ఆగిపోయింది!

అబ్బ! ఆగకపోయినా బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో ఆ పిల్ల. ఎందుకంటే ఆ క్షణం నుంచి ఆమెకి కొలువు దొరికింది. పొద్దు వాలితే చాలు, పక్కనుంచీ కిందనుంచీ కేకలు. “ఇదిగో అమ్మాయ్, ఒకసారొచ్చి మా టీవీకి క్షమాపణ చెప్పిపోదూ!” “ముందు మా ఇంటికి, వార్తలొచ్చే వేళైంది!” “నిన్న సరిగ్గా చెప్పినట్టు లేదు, ఇవాళ కాస్త మనస్ఫూర్తిగా చెప్పు!”

ఇంటింటికీ తిరిగి, టీవీ టీవీకీ దణ్ణం పెట్టి, తన ఇంటికొచ్చేసరికి అన్నం చల్లారిపోయేది. కొన్నిసార్లు గోల ఆగేది, కొన్నిసార్లు ఆగేది కాదు. ఆగనప్పుడు జనం ఆమె మొహంలోకి అదోలా చూసేవాళ్ళు.

రాత్రి పక్క మీద మొగుణ్ణి అడిగింది.

“ఏమండీ… అత్తయ్యకి నిజంగా నామీద కోపమేనంటారా? ఆ వేలు… నన్నేనా తిట్టింది?”

లారీల కింద దూరే ఆ మనిషి దుప్పటి కిందికి దూరాడు.

ఆమెకి మాత్రం నిద్ర లేదు. మేడవాళ్ళు ఏమన్నా పడుతుంది. ఆ ఒక్క అనుమానం మాత్రం పడుకోనివ్వడం లేదు. పోయేముందు మనిషికి చివరగా వినపడ్డ మాట తన విసురు. దానికే కదా ఆవిడ ఇలా…?

ఇంతలో సీరియల్ ఆఖరి భాగం దగ్గరకొచ్చింది. మేడంతా ఊపిరి బిగబట్టి చూస్తున్న సీరియల్. కథానాయిక చిన్నప్పుడు తప్పిపోయిన తండ్రి ఎవరో తేలాల్సింది ఆ రాత్రే. ఇదివరకు ఆ తండ్రి పేరు చెప్పబోయినప్పుడల్లా బర్రుమంది. మేడ పెద్దలందరూ కోడలి గుమ్మంలోకి వచ్చారు.

“చెప్పడానికి మాకూ కష్టంగానే ఉందమ్మాయ్,” అన్నాడు దర్జీ, కుట్టు టేపు మెడలో తిప్పుకుంటూ. “ఆ రాత్రి కూడా ఇలాగే అయితే… మీరు ఇంకో ఇల్లు చూసుకోవాలి. మీరు వెళ్తే మామ్మ మీ వెనకే వస్తుంది.”

మెకానిక్కు తల దించుకున్నాడు. కోడలు దించలేదు. మర్నాడే బజారుకెళ్ళి యాంటెనా మేస్త్రిని పిలుచుకొచ్చింది.

అతను పగలొచ్చాడు. యాంటెనాలు తిప్పాడు, వైర్ల అతుకులు గీకి మళ్ళీ కలిపాడు. బొమ్మ అద్దంలా ఉంది. ‘జబ్బే లేదు’ అన్నాడు. “చీకటి పడ్డాక రండి అన్నయ్యా,” అంది కోడలు. అతను కాస్త నసిగాడు గానీ, సీరియల్ రోజు సాయంత్రం వచ్చాడు. చేతిలో బ్యాటరీలతో నడిచే చిన్న రేడియో.

దర్జీ ఇంట్లో టీవీ అప్పటికే బర్రుమంటోంది. మేస్త్రి రేడియోని ఏ స్టేషనూ లేనిచోటికి తిప్పాడు. దాంట్లోనూ అదే గొంతు — బర్ర్‌ర్.

“ఇది యాంటెనాల తప్పు కాదు,” అన్నాడు. “ఎక్కడో కరెంటు నిప్పురవ్వలు రాలుస్తోంది. ఆ గోలే గాల్లోంచి వచ్చి అందరి టీవీల్లోనూ పడుతోంది. ఒక్కో ఇంటి ఫ్యూజు పీకుకుంటూ రండి. ఎవరిది పీకితే గోల ఆగుతుందో… వాళ్ళింట్లోనే ఉంది.”

పంతులమ్మ ఇంటి ఫ్యూజు పీకారు. బర్ర్‌ర్.

మొదటి అంతస్తు వాళ్ళది. బర్ర్‌ర్.

కోడలి ఇంటిది పీకారు…

నిశ్శబ్దం.

దర్జీ టీవీలో బొమ్మ వెన్నెల్లా నిలబడింది. అందరూ మెల్లగా తలలు తిప్పి ఆమె వైపు చూశారు.

“అనుకున్నాను,” అంది పంతులమ్మ, గుసగుసగా.

“అలాగే ఉంచేద్దాం!” అన్నాడు దర్జీ సంబరంగా. “ఫ్యూజు నా దగ్గరే ఉంటుంది. చీకట్లో మీరూ మీ ఆయనా హాయిగా…”

“ఫ్యూజు పెట్టండి,” అంది కోడలు.

పెట్టారు. మళ్ళీ బర్ర్‌ర్. ఇంట్లో లైట్లు, ఫ్యాను, ఇస్త్రీపెట్టె… ఒక్కొక్కటీ కట్టేసింది. గోల ఆగలేదు. మేస్త్రి తల గోక్కున్నాడు.

“చెల్లెమ్మా… మీ మీటరు నుంచి ఇంకెక్కడికైనా వైరు వెళ్తోందా?”

కోడలి చెయ్యి మెల్లగా లేచింది. వేలు పైకి చూపించింది.

దర్జీ అలవాటుగా దణ్ణం పెట్టాడు.

మెట్ల మొదట్లో అందరూ ఆగిపోయారు. మేస్త్రి రేడియో ఆమె చేతిలో పెట్టాడు. “మీ అత్తగారు. మీ ఇంటి వ్యవహారం. పరాయివాణ్ణి, నేను రావటం మర్యాద కాదు,” అన్నాడు. మర్యాద వల్లే కాబోలు, దర్జీ వెనక్కి జరిగి నిలబడ్డాడు. “గోల ఎటువైపు పెరిగితే అటు నడవండి. కరెంటు ఉంటేనే అది అరుస్తుంది, అరిస్తేనే దొరుకుతుంది.”

మొగుడు ఒక మెట్టెక్కాడు. “నేనొస్తా…” అన్నాడు. రేడియో బర్రుమంది. దిగిపోయాడు.

ఒక్కతే ఎక్కింది. ఒక చేతిలో తాళంచెవి. ఒక చేతిలో రేడియో. నోట్లో దేవుడి పేరు.

బర్ర్‌ర్…

అత్తగారు కూలబడిన మెట్టు దాటింది. గోల పెరిగింది.

బర్ర్‌ర్‌ర్…

కప్పు మీద చలిగాలి. యాంటెనాలు కిర్రుమంటున్నాయి. గది తలుపు దగ్గరికి రేడియో పెట్టింది —

బర్ర్‌ర్‌ర్‌ర్‌ర్!

తాళం తీసింది. తలుపు తోసింది. లోపల కటిక చీకటి. చెయ్యి లైటు స్విచ్చి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఈ గదిలో… లైటు వెయ్యడమా? ఆవిడ ఉండగా?

చీకట్లోనే తడుముకుంటూ నడిచింది. మోకాలికి మంచం తగిలింది. పక్క ఇంకా పరిచే ఉంది. దుప్పటి… దుప్పటి కింద ఏదో ఎత్తుగా ఉంది. మనిషి పడుకున్నట్టు.

చెయ్యి చాపింది. పక్క మీద పెట్టింది.

వెచ్చగా ఉంది.

అవునమ్మా… వెచ్చగా. ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు. లేదా… ఇంకా లేవనట్టు.

అరవలేదు. పారిపోలేదు. అప్పుడు ఆమె నోటి నుంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా?

“అత్తయ్యా… ఒక్క నిమిషం లైటు వేస్తాను. తిట్టకండి.”

టక్.

మంచం మీద ఎవరూ లేరు. దుప్పటి కింద దిండు. ముసలావిడ కాలి కింద పెట్టుకునేది. ఆ దిండు మీద, మోకాళ్ళ నొప్పులకి వాడుకునే కరెంటు వేడిపట్టీ. దాని వైరు గోడ దాకా. గోడ మీద స్విచ్చి… వేసి ఉంది.

ఆ పూట నుంచీ వేసే ఉంది!

వేడెక్కగానే తనంతట తనే ఆగి, చల్లారగానే మళ్ళీ మొదలయ్యే పట్టీ అది. పగలు ఎండకి కప్పు కాలి, గది వేడిగా ఉంటే ఊరుకునేది. చీకటిపడి, లేదా ముసురు పట్టి గది చల్లబడితే లేచేది. ఆగుతూ, మొదలవుతూ, లోపలి మీట అరిగిపోయి, కలిసినప్పుడల్లా నిప్పురవ్వలు. అవే బర్ర్‌ర్. దుప్పటి తీసి చూస్తే దిండు మీద గోధుమరంగు మచ్చ. ఇంకొన్ని రోజులు ఉంటే మేడే అంటుకునేది.

కోడలు గోడ దగ్గరికి వెళ్ళి ఆ స్విచ్చి కట్టేసింది. రేడియో నోరు మూసుకుంది. ఆ వెంటనే కిందనుంచి మేడ అదిరిపోయేలా ఒకటే కేక —

“తండ్రి కనపడ్డాడు! తండ్రి కనపడ్డాడు!”

ఆమెకి ఆ కేక వినపడలేదు. పక్క మీద కూర్చుంది. అరచేతి కింద వెచ్చదనం మెల్లమెల్లగా వెళ్ళిపోతోంది. అప్పుడు… ఆ వేలు గుర్తొచ్చింది.

‘ముందు మీ గదిలో చూసుకోండి అత్తయ్యా!’ అంది తను. ఆవిడ గుమ్మంలో నిలబడి ఆలోచించింది. గుర్తొచ్చింది — పట్టీ కట్టెయ్యలేదని! అందుకే గబగబా మెట్లవైపు వెళ్ళింది. పడిపోయింది. నోట మాట లేక, వేలెత్తి పైకి చూపించింది. దేవుణ్ణి కాదు. గదిని! ఇంతమంది దణ్ణాలు పెడుతుంటే తల అడ్డంగా ఊపింది… ‘అది కాదర్రా, స్విచ్చి!’ అని.

కోపమా? శాపమా? కాదు. పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో, కోడలి మాట నిజమేనని అత్తగారు ఒప్పుకున్నది ఆ ఒక్కసారే. అదీ పదిమంది ముందు. ఒక్కరికీ అర్థం కాలేదు.

కోడలు ఏడ్చింది. ఏడుస్తూ నవ్వింది. తర్వాత లేచి, ఖాళీ పక్క వైపు తిరిగి, టీవీలకి చెప్పినట్టు కాకుండా, మనిషికి చెప్పినట్టు చెప్పింది.

“కట్టేశానత్తయ్యా. మీరిక పడుకోండి.”

తలుపు వేసి, తాళం పెట్టి, ఆ పిల్ల పరుగులాంటి నడకతో కిందికి దిగింది. వాకిట్లో అందరూ మూగారు. దర్జీ ఆమె చేతులు పట్టుకుని, “ఇంకో ఇల్లూ లేదు, ఖాళీ చెయ్యడమూ లేదు, నువ్వు మా ఆడపడుచువమ్మాయ్!” అన్నాడు. పంతులమ్మ కళ్ళొత్తుకుని, ఈసారి తనే చేతులు జోడించింది, “తప్పైపోయిందమ్మా,” అని.

“దెయ్యమూ లేదు, భూతమూ లేదు,” అన్నాడు మేస్త్రి, ఇప్పుడు ధైర్యంగా. “నేను ముందే చెప్పాను కదా!”

అప్పుడు మెకానిక్కు తలెత్తి చూసి, “ఇదిగో… పైన లైటు వదిలేసినట్టున్నావే?” అన్నాడు.

అందరూ పైకి చూశారు. నిజమే. కప్పు మీద గది కిటికీ పచ్చగా వెలుగుతోంది. కోడలు నాలిక కరుచుకుంది. “అయ్యో, మళ్ళీ ఎక్కాలి…” అంటూ ఒక అడుగు వేసింది.

టక్.

కిటికీ చీకటైపోయింది.

 తాళంచెవి కోడలి గుప్పిట్లోనే ఉంది.

“బ…బల్బు పోయుంటుంది,” అన్నాడు మేస్త్రి. రేడియో కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

పొద్దున కోడలు వెళ్ళి చూసింది. బల్బుకేమీ కాలేదు. నిక్షేపంగా వెలిగింది. స్విచ్చే… కట్టేసి ఉంది.

అయ్యలారా, అమ్మలారా… అది ఎవరి చెయ్యో నేను చెప్పను. మీ మనసుకి ఏది తోస్తే అది. ఆ సీరియల్లో తండ్రి ఎవరో కూడా నన్నడక్కండి, ఆ కోడలికి ఇప్పటికీ తెలీదు. కానీ ఒక్క పని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇవాళ ఇంటికెళ్ళాక, పడుకునే ముందు, గడప దగ్గర ఓసారి ఆగి వెనక్కి చూడండి. వెలుగుతున్నదేదైనా ఉంటే మీ చేత్తో కట్టెయ్యండి. మీ ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్ళు కాలం చేసి, వాళ్ళ గది తాళంలో ఉంటే, ఆ తాళం తీసి, వాళ్ళు మర్చిపోయిన స్విచ్చి కూడా కట్టెయ్యండి. కట్టేసి, ఆ కోడలు చెప్పినట్టే పైకి చెప్పండి — ‘కట్టేశాను, మీరిక పడుకోండి’ అని. రేపూ చెయ్యండి. ఎల్లుండీ చెయ్యండి.

మీరు చెయ్యకపోయినా ఫర్లేదనుకోండి. మామ్మ ఎలాగూ వస్తుంది.